పాటకి ఒక కారణం కావాలి

మా ఊళ్ళో శివరాత్రికి పద్యనాటకం వేయించేవాళ్ళు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు చూసిన హరిశ్చంద్ర ఇంకా గుర్తుంది. కాటి సీను. కొడుకు శవం పక్కన కూర్చుని చంద్రమతి ఏడుస్తోంది. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుని చివర్లో రాగం తీశాడు. ఆ రాగం ఎంతసేపు సాగిందంటే, మా తాతయ్య చుట్ట వెలిగించి సగం కాల్చేశాడు. జనం వన్స్‌మోర్ అని అరిచారు. ఆయన హార్మోనియం వైపు తిరిగి, శ్రుతి చూసుకుని, మళ్ళీ మొదటి నుంచీ అందుకున్నాడు. ఈ లోపు చచ్చిపోయి పడి ఉన్న లోహితాస్యుడు దోమ కుట్టిందని కాలు గోక్కున్నాడు. నేను పకపకా నవ్వాను. తాతయ్య తొడమీద గిల్లి, నోరు మూసుకుని పాట వినమన్నాడు.

తాతయ్యకి పాట కావాలి. నాకు కథ కావాలి. పాట మొదలైతే కథ ఎందుకు ఆగిపోవాలి అన్నది అప్పట్నుంచీ నాకొక తీరని సందేహం.

ఇదే సందేహాన్ని పట్టుకుని ఒక మనిషి జీవితమంతా గడిపాడని మొన్న మూడో సెమిస్టర్ సెలవుల్లో తెలిసింది. ఆయన పేరు వాల్టర్ ఫెల్సెన్‌స్టైన్. బెర్లిన్ నగరంలో కోమిషే ఓపర్ అనే సంగీత నాటకశాలని స్థాపించి, 1947 నుంచి 1975లో చనిపోయేదాకా నడిపించినవాడు. ఒపేరా అంటే మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే పాటతో నడిచే నాటకం. స్టేజీ ముందు గుంటలో వాద్యబృందం కూర్చుంటుంది, కండక్టర్ చేత్తో తాళం చూపిస్తుంటాడు, పైన గాయకులు పాత్రలు వేస్తారు. మన పద్యనాటకానికి ఉన్న రోగమే దానికీ ఉండేది. గొప్ప గొంతు ఉన్నవాడు స్టేజీ మధ్యకి వచ్చి, చేతులు చాపి, కండక్టర్‌ని చూస్తూ పాడేవాడు. ప్రియురాలు పక్కన చచ్చిపోతున్నా ఆమె వైపు చూసే పని లేదు. చప్పట్లు పడితే వంగి దండం పెట్టడం, అంతే.

ఫెల్సెన్‌స్టైన్ 1901 మే 30న వియన్నాలో పుట్టాడు. తండ్రి రైల్వేలో అధికారి. కొడుకు ఏమవ్వాలో ఆ తండ్రి ఏమనుకున్నాడో మన కాలేజీలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటర్ లాంటి చదువు అయిపోగానే అబ్బాయిని ఇంజనీరింగ్ చదవడానికి గ్రాజ్ పంపించారు. అబ్బాయి ఎక్కువ రోజులు నిలవలేదు. వియన్నా వచ్చేసి నటన నేర్చుకున్నాడు. ఇది చదివి నేను హాస్టల్లో అరగంట నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆయన జీవితంలో మిగిలిన భాగం చూస్తే, ఇంజనీరింగ్ వదిలేసినా ఆ బుద్ధి మాత్రం వదల్లేదేమో అనిపించింది. ఏ భాగం ఎందుకుందో, దేని బరువు దేని మీద పడుతుందో తేలేదాకా ఊరుకోని బుద్ధి అది.

1923లో జర్మనీ ఉత్తరాన లూబెక్‌లో నటుడిగా మొదలుపెట్టాడు. తర్వాత చిన్న చిన్న ఊళ్ళు. మాన్‌హైమ్, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న బాయ్‌టెన్, ఆపైన స్విట్జర్లాండ్‌లోని బాసెల్, ఫ్రైబుర్గ్, కొలోన్, ఫ్రాంక్‌ఫర్ట్. నటుడు కాస్తా దర్శకుడయ్యాడు. మాటల నాటకాలతో పాటు ఒపేరాలూ చేయించడం మొదలుపెట్టాడు. మాటల నాటకంలో నటుడు ఒక వాక్యం పలకాలంటే ఆ వాక్యం ఎందుకొచ్చిందో తెలియాలి. ఒపేరాలో మాత్రం ఎవరూ అది అడగరు. ఈ తేడా ఆయనకి మింగుడుపడలేదు.

ఈ లోపు జర్మనీ హిట్లర్ చేతికి వచ్చింది. ఫెల్సెన్‌స్టైన్ భార్య యూదు వంశానికి చెందిన మనిషి. నాటకరంగంలో పని చెయ్యాలంటే సర్కారు సంఘంలో సభ్యత్వం ఉండాల్సిన రోజులు. 1936లో ఆయన్ని ఆ సంఘం నుంచి తీసేశారు. పని పోయింది. 1938లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ చేరాడు. అక్కడే ఉండిపోయి ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ 1940లో, పెద్ద నటుడూ బెర్లిన్‌లోని షిల్లర్ నాటకశాల అధిపతీ అయిన హైన్రిష్ గేయోర్గ్ పూనుకోవడంతో మళ్ళీ బెర్లిన్ వచ్చాడు. 1942లో సాల్జ్‌బుర్గ్ ఉత్సవంలో మోజార్ట్ రాసిన ఫిగారో పెళ్ళి ఒపేరా చేయించాడు. తనని వెళ్ళగొట్టిన రాజ్యంలోనే, యుద్ధం నడుస్తుండగా, పెళ్ళి కథ. అది తప్పా, ఒప్పా? ఈ ప్రశ్న ఆయన జీవితంలో మళ్ళీ ఒకసారి వస్తుంది, అప్పుడు మాట్లాడుకుందాం.

1945. బెర్లిన్ అంతా ఇటుకల గుట్టలు. ఊరిని నలుగురు విజేతలు నాలుగు ముక్కలుగా పంచుకున్నారు. అమెరికా వాళ్ళ భాగంలో మిగిలిన హెబెల్ నాటకశాలలో ఫెల్సెన్‌స్టైన్ ఆ ఏడాది ఆఫెన్‌బాక్ రాసిన పారిస్ జీవితం అనే సరదా ఒపెరెట్టా ఒకటి చేయించాడు. జనం విరగబడి చూశారు. రెండేళ్ళ తర్వాత రష్యా సైనిక పాలకులు ఆయనకి ఒక నాటకశాల అప్పగించారు. బేరెన్ వీధిలో 1892లో కట్టిన పాత భవనం. ఒకప్పుడు మెట్రోపోల్ పేరుతో డాన్సులకీ, తేలికపాటి సంగీత నాటకాలకీ పేరుపడ్డ చోటు. బాంబులకి ముందుభాగం పోయింది. ప్రేక్షకులు కూర్చునే హాలు మాత్రం బంగారు నగిషీలతో సహా చాలావరకు మిగిలింది. అక్కడ 1947 డిసెంబర్ 23న, యోహాన్ స్ట్రౌస్ రాసిన గబ్బిలం అనే ఒపెరెట్టాతో కోమిషే ఓపర్ తలుపులు తెరిచింది.

పేరు చూసి కామెడీ కంపెనీ అనుకోకండి, నేనూ మొదట అలాగే అనుకున్నాను. పారిస్‌లో పాతకాలం నుంచీ ఒపేరా కొమిక్ అనే సంప్రదాయం ఉంది. పాటల మధ్య మాటలు ఉండే ఒపేరా అది. ఏడుపు కథైనా సరే, మాటలుంటే ఆ పేరే. ఫెల్సెన్‌స్టైన్ ఆ పేరు ఊరికే పెట్టుకోలేదు. మాట ఉన్నచోట పాట ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా కనిపిస్తుంది. మామూలుగా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి పాడాడంటే, ఇక మాట చాలదన్న స్థితికి వచ్చి ఉండాలి. ఆ స్థితి రాకుండా నోరు తెరిచి పాడితే అది అబద్ధం. ఆయన సిద్ధాంతమంతా కలిపితే ఇంతే.

చెప్పడం తేలిక. చెయ్యడానికి ఏం కావాలో చూడండి.

మొదటిది భాష. ఇటలీ ఒపేరా అయినా, ఫ్రాన్సుదైనా, చెక్ భాషదైనా, ఆయన కంపెనీలో అంతా జర్మన్‌లోనే పాడారు. చూసేవాడికి మాట అర్థం కాకపోతే పాడే కారణం ఎలా తెలుస్తుంది? చాలా ఒపేరాలకి ఉన్న అనువాదాలు నచ్చక తనే కూర్చుని మళ్ళీ అనువదించుకున్నాడు. స్వరం మీద మాట కూర్చోవాలి, అర్థం చెడకూడదు, గాయకుడి నోటికి పట్టాలి. మన డబ్బింగ్ రచయితలకి తెలుసు ఆ బాధ.

రెండోది టైము. వేరే కంపెనీల్లో పేరున్న గాయకుడు రైలు దిగి, రెండు రోజులు రిహార్సల్ చేసి, పాడేసి వెళ్ళిపోయేవాడు. ఇక్కడ నెలల తరబడి రిహార్సల్. ఏడాదికి కొత్త నాటకాలు రెండో మూడో. వాద్యబృందం మోగించే నాలుగు స్వరాలు కూడా పాత్ర మనసులో మెదిలే ఆలోచనలే అని ఆయన నమ్మకం. ఆ నాలుగు స్వరాలూ విన్నాక గాయకుడి మొహంలో ఏదో ఒకటి మారాలి. అలా మారితేనే పాట ఎత్తుకోవాలి. కండక్టర్ వైపు గుడ్లప్పగించి చూడకూడదు, ఎదుటి పాత్రని చూడాలి. గొంతు ఎంత గొప్పదైనా ఇది చెయ్యలేనివాడికి అక్కడ చోటు లేదు.

మూడోది, నాకు అన్నిటికంటే నచ్చింది, కోరస్. ఒపేరాలో గుంపు పాటలు పాడే యాభై అరవై మంది ఉంటారు. ఊరి జనం, సైనికులు, పెళ్ళివారు. మామూలుగా వాళ్ళు అర్ధచంద్రాకారంలో నిలబడి పాడి పోతారు. ఫెల్సెన్‌స్టైన్ వాళ్ళకి కోరస్ సోలోయిస్టులు అని పేరు పెట్టాడు. అంటే గుంపులో ప్రతివాడూ ఒక్కడే. వాడికో బతుకు ఉంటుంది, వచ్చిన పని ఉంటుంది, పక్కవాడితో ఏదో ఒక లెక్క ఉంటుంది. కోమిషే ఓపర్‌లో ఆ పేరు ఆయన తర్వాత కూడా నిలిచింది.

1949 జనవరిలో కార్మెన్ వేశారు. పడమటి బెర్లిన్‌కి రష్యా వాళ్ళు దారులన్నీ మూసేస్తే బొగ్గూ తిండీ విమానాల్లో దిగుతున్న రోజులవి. హిట్లర్ కాలంలో జర్మనీ వదిలి వెళ్ళిపోయిన గొప్ప కండక్టర్ ఓటో క్లెంపరర్ వచ్చి వాద్యబృందాన్ని నడిపించాడు. కార్మెన్‌కి ఊరూరా పాడే రూపంలో మాటలు తీసేసి వాటికి కూడా స్వరాలు కట్టి ఉంటాయి. రాసిన బిజే చనిపోయాక వేరొకరు కట్టిన స్వరాలు అవి. ఫెల్సెన్‌స్టైన్ వాటిని పక్కన పెట్టి మాటలున్న అసలు రూపానికి వెళ్ళాడు. కారణం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఇక నక్క గురించి చెప్పాలి. నేను ఆయన దగ్గరికి వచ్చింది ఈ నక్క వెనకాలే. చెక్ దేశస్థుడు లియోష్ యానాచెక్ ఒక దినపత్రికలో బొమ్మలతో వచ్చిన ధారావాహిక చదివి కట్టిన ఒపేరా అది, టక్కరి ఆడనక్క కథ. 1924లో బ్రనోలో మొదటిసారి ఆడింది. అడవి కాపలాదారు ఒక నక్కపిల్లని పట్టి ఇంటికి తెస్తాడు. అది పెరిగి, కోళ్ళని చంపి, తాడు తెంపుకుని పారిపోతుంది. మగనక్కని ప్రేమించి పెళ్ళాడుతుంది, పిల్లల్ని కంటుంది, ఒక వేటగాడి తూటాకి చచ్చిపోతుంది. చెక్ దేశం బయట దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పెద్దవాళ్ళు నక్కలూ కప్పలూ అయి పాడుతుంటే నవ్వులాటగా ఉంటుందనే భయం.

1956 మే 30న, సరిగ్గా తన యాభై అయిదో పుట్టినరోజున, ఫెల్సెన్‌స్టైన్ దీన్ని స్టేజీ ఎక్కించాడు. 218 సార్లు ఆడింది. మరుసటి ఏడాది పారిస్ తీసుకెళితే అక్కడా జేజేలు కొట్టారు. యానాచెక్ పేరు ప్రపంచంలో మోగడానికి ఈ ప్రదర్శన ఒక పెద్ద కారణం. 1965లో టీవీ కోసం సినిమాగా తీశారు. నేను చూసింది అదే. నలుపూ తెలుపూ కాలం మనిషి ఏం తీసి ఉంటాడులే అని లాప్‌టాప్‌లో పెట్టుకుని, పక్కన రికార్డు రాసుకుంటూ మొదలుపెట్టాను. పది నిమిషాలకి రికార్డు మూసేశాను.

ఇర్మ్‌గార్డ్ ఆర్నోల్డ్ అనే ఆవిడ నక్క వేషం వేసింది. మొహానికి మూతీ ముసుగూ లేవు, మనిషి మొహమే. కానీ తల తిప్పే పద్ధతీ, వాసన పట్టి ఆగిపోవడం, మగనక్క దగ్గరికొస్తుంటే సిగ్గూ అనుమానమూ కలిసిన ఆ వెనకడుగూ చూస్తే, ఇది పాడకుండా ఉండలేదు అనిపిస్తుంది. జర్మన్ నాకు ఒక్క ముక్క రాదు. అయినా ప్రతి పాటా ఎందుకొచ్చిందో తెలిసింది. చివర్లో ముసలివాడైన కాపలాదారు అదే అడవిలో నిద్రలేచి అచ్చం ఆ నక్కలాంటి పిల్లనక్కని చూస్తాడు, చెయ్యి చాస్తాడు, చేతికి దొరికేది ఒక చిన్న కప్ప. ఆ కప్ప మొదటి సీనులో వచ్చిన కప్ప కాదు, దాని మనవడు. అక్కడ నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఎందుకో చెప్పలేను.

ఇప్పుడు ఆ వాయిదా వేసిన ప్రశ్న. 1961 ఆగస్టు 13న బెర్లిన్ మధ్య గోడ లేచింది. కోమిషే ఓపర్ తూర్పు వైపు ఉంది, గోడకి నడిచి వెళ్ళేంత దూరంలో. అప్పటిదాకా పడమటి వైపు ఇళ్ళ నుంచి రోజూ పనికి వచ్చే గాయకులూ వాద్యగాళ్ళూ చాలామంది ఒక్కసారిగా దూరమయ్యారు. పద్నాలుగేళ్ళు కూడబెట్టిన బృందం చీలిపోయింది. ఫెల్సెన్‌స్టైన్ ఆస్ట్రియా పౌరుడు. గోడ ఆయన్ని ఆపదు. పడమటి దేశాల్లో ఏ పెద్ద ఒపేరా అయినా ఆయన్ని పిలిచి కూర్చోబెట్టేది. ఆయన కదల్లేదు. ఉన్నవాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టాడు. 1963లో ఆఫెన్‌బాక్ రాసిన నీలిగడ్డం కథ వేస్తే, అది ఆయన పోయిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆడింది.

ఎందుకు ఉండిపోయాడు? నా లెక్క ఇది. నెలల తరబడి రిహార్సలూ, జీతాలిచ్చి పోషించే శాశ్వత బృందమూ టికెట్ డబ్బులతో నడిచేవి కావు. తూర్పు జర్మనీ సర్కారు వాటికి డబ్బు పోసింది. బదులుగా ఆయన్ని తన గొప్పగా ప్రపంచానికి చూపించుకుంది, జాతీయ బహుమతులు ఇచ్చింది. లోపల, కారణం లేకుండా ఒక్క స్వరం కూడా పాడనివ్వని మనిషి. బయట, నిజం మాట్లాడితే జైల్లో పెట్టే రాజ్యం. ఆయన శిష్యుడు గ్యోట్జ్ ఫ్రీడ్రిష్ 1972లో పడమటికి వెళ్ళి తిరిగి రాలేదు. గురువు చేతిలో ఉన్న పాస్‌పోర్టు శిష్యుల చేతిలో లేదు కదా. ఆ గోడ పక్కన ఇంత నిజాయితీ గల కళ ఎలా పుట్టిందని కొందరు మెచ్చుకుంటారు. ఆ కళ గోడకి సున్నం కొట్టినట్టయిందని ఇంకొందరు అంటారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. ఆయన తన పనిని కాపాడుకున్నాడు. దానికి ధర ఉంది, ఆ ధరలో కొంత వేరేవాళ్ళు కట్టారు. ఇది రాయకుండా ఆయన్ని పొగిడితే, కారణం లేకుండా రాగం తీసినట్టే అవుతుంది.

1966లో బాగుచేసిన భవనాన్ని డాన్ జొవానీతో మళ్ళీ తెరిచారు. 1969లో మాస్కో వెళ్ళి స్తానిస్లావ్‌స్కీ పేరున ఉన్న నాటకశాలలో కార్మెన్ చేయించాడు. నటనకి లోపలి కారణం కావాలని ప్రపంచానికి నేర్పినవాడు స్తానిస్లావ్‌స్కీ, ఆ మాటని పాటకి తెచ్చినవాడు ఈయన. 1971లో యూదుల పల్లె కథ ఫిడ్లర్ ఆన్ ద రూఫ్ వేశాడు. 1936లో ఏ కారణంగా పని పోగొట్టుకున్నాడో గుర్తు పెట్టుకుని చూస్తే ఆ ఎంపిక వేరేగా కనిపిస్తుంది. 1975లో చివరిగా చేయించింది ఫిగారో పెళ్ళి. యుద్ధకాలంలో సాల్జ్‌బుర్గ్‌లో చేసిన అదే కథ, ముప్పై మూడేళ్ళ తర్వాత. ఆ అక్టోబర్ 8న చనిపోయాడు. బాల్టిక్ సముద్రంలో హిడెన్‌సే అనే చిన్న దీవిలో పాతిపెట్టారు. ఫ్రీడ్రిష్ పడమటి బెర్లిన్‌లో పెద్ద ఒపేరాకి అధిపతి అయ్యాడు. ఆయన దగ్గరే పనిచేసిన యోఆఖిమ్ హెర్జ్ కోమిషే ఓపర్‌ని అందుకున్నాడు. గోడకి రెండు పక్కలా ఆయన పాఠమే నడిచింది. చేయించిన వాటిలో ఏడు సినిమాలుగా మిగిలాయి.

ఇక మన సంగతి. పోయిన ఏడాది వార్షికోత్సవంలో మన క్లబ్ నాటకానికి దర్శకుడిని నేనే. ఊరి జనంగా పన్నెండు మంది జూనియర్లని పెట్టి, వెనకాల నిలబడండి చాలు అన్నాను. వీడియో చూస్తే హీరో చచ్చిపోతుంటే ఒకడు ఆవలిస్తున్నాడు, ఇంకొకడు ఫోన్‌లో స్కోరు చూస్తున్నాడు. వాళ్ళని తిట్టాను. తప్పు నాదని ఆ నక్కని చూశాకే తెలిసింది. వాళ్ళకి నేను నిలబడే చోటు ఇచ్చాను, నిలబడే కారణం ఇవ్వలేదు.

ఈ ఏడాది అదే పన్నెండు మందినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ ఒక సంగతి ఇచ్చాం. ఒకడు హీరోకి రెండు వందలు బాకీ. ఒకమ్మాయి హీరో చెల్లెలి క్లాస్‌మేట్. ఒకడు దారిన పోతూ గుంపు చూసి ఆగాడు, వాడికి బస్సు టైమవుతోంది. మూడు రోజులు అనుకున్న రిహార్సల్ మూడు వారాలు పట్టింది, మధ్యలో ఇంటర్నల్స్ కూడా వచ్చాయి, నాటకం మరీ గొప్పగానూ రాలేదు. కానీ హీరో పడిపోయినప్పుడు బాకీ ఉన్నవాడు తనకి తెలియకుండానే జేబు తడుముకున్నాడు. అది నేను చెప్పలేదు.

తాతయ్య ఉంటే ఆయనతో ఇప్పుడు వాదించేవాణ్ణి. పాట వద్దనను. హరిశ్చంద్రుడి ఏడుపు మాటల్లో పట్టదు, పద్యం కావాల్సిందే, రాగమూ కావాల్సిందే. వన్స్‌మోర్ దగ్గరే నాకు పేచీ. పోయిన కొడుకు కోసం మనిషి అడిగినప్పుడల్లా మొదటి నుంచీ ఏడవలేడు కదా. తాతయ్య ఒప్పుకునేవాడు కాదనుకోండి. చుట్ట వెలిగించి, నోరు మూసుకుని వినమనేవాడు.